లా కాలేజీ గది తాళం తీయండి

సంపాదకులకు,

మా జిల్లాలోని ఒక లా కాలేజీలో 'ఉచిత న్యాయ సహాయ కేంద్రం' అని బోర్డుంది. ఇంటి స్థలం గొడవ విషయమై మా పక్కింటావిడను అక్కడికి రెండుసార్లు తీసుకెళ్లాను. రెండుసార్లూ తాళమే. "ఇన్‌స్పెక్షన్ ఉంటే తీస్తారండీ" అన్నాడు అటెండరు. పాపం, ఉన్న మాటే చెప్పాడు.

పేదరికం వల్ల ఎవరికీ న్యాయం దూరం కాకూడదని రాజ్యాంగం 39ఎ అధికరణంలో ఉంది. ప్రతి లా కాలేజీలోనూ ఇలాంటి కేంద్రం ఉండాలని లా చదువులకు, వకీళ్లకు నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ 2008 నియమాల్లో ఉంది.

గది నిజంగా పనిచేస్తే ఏమవుతుందో చూడండి. 1994 నాటి పుణె హత్యల కేసులో ఉరిశిక్ష పడిన ఒక ఖైదీని 2023 మార్చిలో సుప్రీంకోర్టు విడుదల చేసింది. నేరం జరిగేనాటికి అతనికి పన్నెండున్నరేళ్లేనని రాజస్థాన్‌లోని బడి రిజిస్టరు తేల్చింది. అప్పటికే 28 ఏళ్లకు పైగా జైల్లో ఉన్నాడు! అతని పక్షాన నిలిచింది ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలోని ప్రాజెక్ట్ 39ఎ అనే న్యాయ సహాయ బృందం. ఆ బృందం ఇప్పుడు హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో స్క్వేర్ సర్కిల్ క్లినిక్ పేరుతో పనిచేస్తోంది.

చిన్న కాలేజీలు ఉరిశిక్షల దాకా పోనక్కర్లేదు, పక్కనున్న సబ్ జైలు చాలు. దేశంలో దాదాపు నలుగురు ఖైదీల్లో ముగ్గురు విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివారే. మొదటిసారి కేసులో ఇరుక్కుని, గరిష్ఠ శిక్షలో మూడోవంతు జైల్లోనే గడిపినవారిలో చాలామందికి కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ కింద బయటికొచ్చే వీలుంది. ఎవరు ఎన్ని రోజులున్నారో లెక్కగట్టి, అర్జీ రాయడం విద్యార్థులకు చేతకాని పనా?

అయితే ఆ అర్జీ పట్టుకుని కోర్టులో వాదించేదెవరు? జీతం తీసుకునే ఫుల్‌టైమ్ లెక్చరర్లు ప్రాక్టీసు చేయకూడదు. వకీళ్లు మాత్రం పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పుకోవచ్చు. కాలేజీ న్యాయ సహాయ కేంద్రానికి వచ్చిన కేసుల వరకైనా, పైసా ఫీజు లేకుండా వకాలత్ వేసే అనుమతి ఈ ఫుల్‌టైమ్ లెక్చరర్లకు బార్ కౌన్సిల్ ఇవ్వాలి. ఫీజులకు ఆశపడి క్లాసులు ఎగ్గొడతారన్న అనుమానానికి ఇక్కడ చోటే లేదు.

మా పక్కింటావిడ చివరికి అప్పు చేసి వకీలుతో నోటీసు ఇప్పించింది. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉందని నాకు ఆ తర్వాత తెలిసింది.

- ఒక రిటైర్డ్ టీచర్