రింగులు చూశాకే కాంక్రీటు పోయాలి

సంపాదకులు గారికి, నమస్కారం.

భూకంపంలో కూలిన బడినో ఆసుపత్రినో ఎన్ని నెలల్లో తిరిగి కట్టారన్నది వార్త అవుతుంది గాని, కట్టేటప్పుడు ఎవరు దగ్గరుండి చూశారన్నది కాదు. చెన్నైలో ముప్ఫై ఏళ్లకు పైగా సివిల్ ఇంజనీరుగా పనిచేసినవాడిగా ఆ రెండో సంగతి రాయదలిచాను.

2001 జనవరి 26న కచ్ ప్రాంతంలో 7.7 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, గాయపడినవారికి దిక్కు కావలసిన భుజ్ ప్రభుత్వాసుపత్రే కూలిపోయింది. దాని స్థానంలో కట్టిన ఆసుపత్రిని సీసం నింపిన రబ్బరు దిమ్మెల మీద నిలబెట్టారు. నేల ఊగినా ఆ ఊపు మొత్తం పై అంతస్తులకు పాకకుండా అవి అడ్డుకుంటాయి. మెచ్చదగిన పనే. అయితే ఊరూరా అలా కట్టే స్తోమత ఏ ప్రభుత్వానికీ ఉండదు. మామూలు బడిలో పిల్లల ప్రాణాలు పిల్లర్లలోని రింగుల మీద ఆధారపడి ఉంటాయి.

నిలువు చువ్వల చుట్టూ చుట్టే ఆ రింగు కొసలను 135 డిగ్రీలు వంచి, లోపలి కాంక్రీటులోకి దిగేలా చేయాలని, భూకంపాన్ని తట్టుకునే కాంక్రీటు కట్టడాలకు మన దేశం పెట్టుకున్న ఐఎస్ 13920 ప్రమాణం 1993 నుంచీ చెబుతోంది. 90 డిగ్రీలకే వంచి వదిలేస్తే, గట్టి కుదుపుకు పైపొర కాంక్రీటు రాలగానే రింగు విచ్చుకుంటుంది, చువ్వలు ఉబ్బి వంగుతాయి, పిల్లరు కుంగిపోతుంది. కిందటేడు మా పేటలో ఒక బడికి పై అంతస్తు వేస్తుంటే వెళ్లి చూశాను. రింగులన్నీ 90 డిగ్రీల దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. మేస్త్రీ శ్రీకాకుళం వైపువాడు, పనిమంతుడు. అడిగితే, "వంచడం తెలీక కాదు బాబూ, ఇన్నాళ్లలో అడిగినోళ్లే లేరు" అన్నాడు. మర్నాడు వెళ్లేసరికి పెట్టెలు బిగించి కాంక్రీటు పోసేశారు. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు.

ఆ అడిగేవాణ్ణి చట్టంతోనే ఏర్పాటు చేసిన చోటు ఒకటుంది. 1933 మార్చి 10 సాయంత్రం కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ భూకంపంలో పదుల కొద్దీ బడులు కూలాయి. బడి వదిలిన వేళ కాబట్టి పిల్లలు బతికిపోయారు. నెల తిరిగేసరికి అక్కడ ఫీల్డ్ చట్టం వచ్చింది. బడి నమూనాను రాష్ట్రమే పరిశీలించాలి, కట్టినన్నాళ్లూ గుత్తేదారుతో సంబంధం లేని తనిఖీదారు అక్కడుండాలి. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7 వేలకు పైగా బడులు దెబ్బతిన్న రోజు కూడా శనివారం, సెలవు. ప్రతిసారీ అలా కలిసివస్తుందా? 2008 మే 12న చైనాలోని సిచువాన్‌లో మధ్యాహ్నం తరగతులు జరుగుతుండగా భూకంపం వచ్చింది. వేల మంది పిల్లలు శిథిలాల కింద పోయారు.

పునర్నిర్మాణమంటే పాత ప్లానునే దుమ్ము దులిపి వాడటం కూడా కాకూడదు. తరగతి కిటికీల కింద పిల్లరుకూ పిల్లరుకూ మధ్య సగం ఎత్తు గోడ బిగించి కడితే, ఊపు భారమంతా కిటికీ పక్కనున్న పొట్టి భాగం మీదే పడి, అక్కడే ఇంటూ ఆకారంలో పగుళ్లు వస్తాయి. గోడకూ పిల్లరుకూ నడుమ కాస్త సందు వదలడానికి ఖర్చెంతని?

ఇది ఉత్తరాది గొడవ అనుకునేవారికి ఒక మాట. 2001 సెప్టెంబరు 25న పుదుచ్చేరి తీరానికి దూరంగా సముద్రంలో వచ్చిన భూకంపానికి చెన్నైలో జనం వీధుల్లోకి పరుగెత్తారు. 2002లో భారతీయ ప్రమాణాల సంస్థ ఈ నగరాన్ని భూకంప ముప్పు పటంలో రెండో మండలం నుంచి, ముప్పు ఎక్కువైన మూడో మండలానికి మార్చింది. అంతకుముందు కట్టిన ప్రభుత్వ బడులు, ఆసుపత్రులలో వేటిని ఆ తరువాత పరీక్షించారో, వేటికి మరమ్మతు చేశారో అధికారులు జాబితా ప్రకటించాలి. ఇకపై కట్టేవాటికి, గుత్తేదారు జీతం మీద ఆధారపడని ఇంజనీరు రింగులు చూసి సంతకం పెట్టాకే కాంక్రీటు బండిని లోపలికి రానివ్వాలి. ఆ చువ్వల ఫోటోలు బడి ఆఫీసులో తల్లిదండ్రులకు అందుబాటులో ఉంచాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు,
పెరంబూరు, చెన్నై