జేపెగ్ ఎక్కడికీ పోలేదు బావా

ఒరేయ్ బావా,

నిన్న ఫోన్లో నీ కంగారు చూసి నవ్వొచ్చింది. కొత్త ఫోటోషాప్ వేశాక ‘సేవ్ యాజ్’లో జేపెగ్, అదే .jpg ఫైలు, కనపడట్లేదని ఆ కంప్యూటర్ కుర్రాణ్ణి తిట్టిపోశావు, పాపం. వాడి తప్పేం లేదు. 2021లో అడోబీ వాళ్లే మార్చారు. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి విడివిడిగా మార్చుకునే పొరలు, ఉన్న ఫైలుకి సేవ్ యాజ్ నొక్కితే, లేయర్లు దాచుకోగల ఫార్మాట్లే చూపిస్తుంది. జేపెగ్‌కి ఆ శక్తి లేదు కాబట్టి ‘సేవ్ ఏ కాపీ’లోకి పోయింది. పాత పద్ధతి కావాలంటే ప్రిఫరెన్సెస్‌లో, ఫైల్ హ్యాండ్లింగ్ కింద ఒక టిక్ ఉంటుంది. నన్నడిగితే పెట్టకు.

ఎందుకంటావా? పెన్‌డ్రైవ్‌లో నువ్విచ్చిన పెళ్లికూతురి ఫోటో పెద్దది చేసి చూశా. బాసికం ముత్యాల అంచున చిన్న చిన్న గళ్లు, చుట్టూ మురికి పట్టినట్టు మసక. చీర జరీ దగ్గర మరీ ఘోరం. నువ్వు లైటింగ్‌ని అనుమానిస్తున్నావు గానీ, అది జేపెగ్ పని. బొమ్మని 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు గళ్లుగా విడదీసి, కంటికి అంతగా ఆనని వివరాన్ని ఒక్కో గడిలోంచి తీసిపారేస్తుంది. ఒక్కసారికి ఎవరికీ తెలీదు. నువ్వేమో రంగు సరిచేసి సేవ్, మొటిమలు తీసి సేవ్, పెళ్లికొడుకు మేనమామ చెప్పాడని బ్యాక్‌గ్రౌండ్ మార్చి మళ్లీ సేవ్. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టే. ఊరికే తెరిచి చూసినా, కాపీ కొట్టినా ఏం కాదులే. మార్చి సేవ్ చేసినప్పుడే దెబ్బ.

అందుకని పని మొత్తం పీఎస్‌డీలో, అంటే ఫోటోషాప్ సొంత ఫార్మాట్‌లో చెయ్యి, లేయర్లు కలపకు. ఆ మేనమామ మళ్లీ వస్తాడు, పాత బ్యాక్‌గ్రౌండే బాగుందంటాడు! లేయర్లుంటే రెండు నిమిషాల పని. ఆల్బమ్ షీట్లతో మాత్రం జాగ్రత్త: 12కి 36 అంగుళాల షీటు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3,600కి 10,800 పిక్సెళ్లు. లేయర్లు పేరుకుంటే ఫైలు బరువెక్కిపోతుంది. పీఎస్‌డీ 2 జీబీ దాటనివ్వదు, అప్పుడు పెద్ద ఫైళ్ల కోసం ఉన్న పీఎస్‌బీగా సేవ్ చేసుకో. జేపెగ్ అనేది ప్రింటింగ్ ల్యాబ్‌కి పంపే రోజున, క్వాలిటీ 12 పెట్టి, ఒక్కసారి తీసేది. వాట్సాప్‌లో ఫోటోగా పంపావో, అది ఇంకోసారి నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపు.

మీ తమ్ముడు వాడే ఆ ఉచిత ఫోటో సాఫ్ట్‌వేర్ గింప్‌లోనూ ఇంతే. సేవ్ అంటే దాని సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్.

ఇక ఆ పేర్లు! ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’... ఏది ఫైనలో నీకైనా తెలుసా? ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఆపైన ఊరు పెట్టు. వాటంతటవే వరసలో కూర్చుంటాయి.

హార్డ్ డిస్క్ మాట కూడా చెప్పాలి. రెండు కాపీలు పెట్టావు సరే, రెండూ ఏటిగట్టు పక్కన ఒకే బీరువాలోనా? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలన్నీ ఏమయ్యాయో చూశాం కదా. ఒకటి తీసుకెళ్లి పాలకొల్లులో మీ అత్తారింటి మేడ మీద పెట్టు. మీ అత్తగారు ఎలాగూ నువ్వు రావట్లేదని అలిగారట.

ఆదివారం రావులపాలెం వస్తున్నా. ఆ పెళ్లికూతురి ఫోటో కెమెరాలోంచి దించినప్పటి ముడి (రా) ఫైలు ఉంటే పట్రా, బాసికం దగ్గర్నుంచి మళ్లీ మొదలెడదాం.

నీ
బావ