సబ్బు, పసుపు, నల్లా: ఫిబ్రవరి 2022 వార్తాలేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రత్యేక అవసరాలున్న మన పిల్లల బడిని ఫిబ్రవరి 1న తెరిచాం. పది రోజులు తిరక్కుండానే ప్రైమరీ బాబు ఒకడు చేతిలో వేసిన శానిటైజర్ నాకాడు. మీ వాట్సాప్ గ్రూపుకు చేరేసరికి అది "సీసా తాగేశాడు" అయింది. నోరు కడిగించి, డాక్టరుకు ఫోన్ చేసి, సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉన్నాం. బాబు బాగున్నాడు. తప్పు మాత్రం మాదే. పండు వాసన వేస్తూ జెల్లీలా కనిపించేదాన్ని పిల్లలకు అందేచోట పెట్టాం. అందులో ఆల్కహాల్ 60 శాతం పైనే ఉంటుంది, చిన్నపిల్లలు మింగితే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఇంట్లో ఇలా జరిగితే వాంతి చేయించకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. బడిలో ఇకనుంచి సబ్బూ నీళ్ళే.

కంటికి కనబడని వైరస్ గురించి ఎన్ని చెప్పినా మన పిల్లలకు ఎక్కదు. అందుకే పసుపు. చిటికెడు పసుపును నాలుగు చుక్కల నీళ్ళలో కలిపి చేతులకు రాస్తాం. సబ్బు తగిలినచోట పారాణిలా ఎర్రబడుతుంది, తగలనిచోట పసుపుగానే ఉంటుంది. మామూలు సబ్బుబిళ్ళే కావాలి, చాలా లిక్విడ్ హ్యాండ్‌వాష్‌లతో ఈ రంగు రాదు. మొదటిరోజు దాదాపు అందరి బొటనవేళ్ళూ పసుపుగానే మిగిలాయి! రుద్దేటప్పుడు నల్లా కట్టేయాలి, లేదంటే సబ్బు రాసిన మరుక్షణమే కడిగేసుకుంటారు. 20 లెక్కపెట్టలేనివాళ్ళకు ఇసుక గడియారం. నేర్పడం చివరి మెట్టు నుంచి మొదలవుతుంది. వెనక నిలబడి, చేతులు పట్టుకుని అన్నీ మేమే చేయిస్తాం, తుడుచుకోవడం ఒక్కటే పిల్లలకు వదిలేస్తాం. అది వచ్చాక నల్లా కట్టడం, ఆ తర్వాత దాని ముందుది. పని ముగించిన సంతోషం ప్రతిసారీ వాళ్ళదే. "రుద్దు, రుద్దు" అని మాత్రం అనం. మాటకు అలవాటుపడితే మాట లేనిదే చెయ్యి కదలదు.

ప్రీవొకేషనల్ (వృత్తిపనులకు సిద్ధం చేసే తరగతి) అమ్మాయి ఒకతె ఇప్పుడు మొత్తం తనే చేసుకుంటోంది. పైగా టీచరు బొటనవేలు మరిచిపోతే పట్టుకుని చూపించింది! మాస్కు చూస్తేనే కేకలు పెట్టే ఇంకో బాబుకు ముందు చేతిలో, తర్వాత చెంపకు, ఆపైన ముక్కు మీద 5 సెకన్లు. ఇప్పుడు బస్సు దిగేదాకా తియ్యడు. సొంతంగా తీసుకోలేని పిల్లలకు మాస్కు పెట్టం, అడగకండి.

మీ ప్రేమను కాదనను. కానీ త్వరగా అయిపోతుందని అమ్మో నానమ్మో చేతులు కడిగేస్తే, సోమవారం మేం మళ్ళీ తువ్వాలు దగ్గరే మొదలుపెట్టాలి. గేటు దగ్గర మాస్కు గడ్డం కిందికి లాగి మాట్లాడే నాన్నగార్లను చూసి పిల్లలు మా బొమ్మల చార్టులకన్నా వేగంగా నేర్చుకుంటున్నారు. "వాడికేం తెలుస్తుందండీ" అని దయచేసి వాడి ముందు అనకండి.

15 దాటినవాళ్ళకు కోవాగ్జిన్ రెండో డోసు 28 రోజులకు, టీకా కాగితం జిరాక్సు ఆఫీసులో ఇవ్వండి. ఫిజియోథెరపీ వేళలు మారలేదు.

సోమవారం ప్రతి సంచిలో సగం సబ్బుబిళ్ళ పంపుతున్నాం. ఇంట్లోనూ అదే వాడండి. రంగూ వాసనా మారితే కొందరు పిల్లలు అది వేరే పని అనుకుని మళ్ళీ మొదటికొస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు