ఉమ్మడి కోడ్‌ను సబ్‌మాడ్యూల్‌గా మార్చాను, దయచేసి చదవండి

అందరికీ నమస్కారం. తేదీలను, రూపాయల మొత్తాలను తెలుగులో చూపించే కోడ్ మన మూడు ప్రాజెక్టుల్లోనూ విడివిడిగా ఉంది. నిన్న ఒకచోట సరిచేసిన తప్పు మిగతా రెండుచోట్ల అలాగే ఉండిపోయింది. ఇలా కాపీ చేసుకుంటూ పోవడం ఇక ఆపుదాం. ఆ కోడ్‌ను వేరే రిపాజిటరీలో (కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే చోటు) పెట్టి, గిట్ (మార్పులను నమోదు చేసే సాధనం) సబ్‌మాడ్యూల్‌గా మూడింటికీ కలిపాను.

సబ్‌మాడ్యూల్ అంటే నకలు కాదు. ఉమ్మడి కోడ్‌లో ఫలానా కమిట్‌ను (గిట్‌లో నమోదైన ఒక స్థితిని) వాడుతున్నామని ప్రాజెక్టు రాసిపెట్టుకునే గుర్తు. ఉమ్మడి కోడ్‌లో ఎవరు ఏమి మార్చినా మీ ప్రాజెక్టు తనంతట తాను మారదు. మీరే కొత్త కమిట్‌కు జరిపి, ఆ జరపడాన్ని కూడా కమిట్ చేయాలి. నాకు బాగా నచ్చిన గుణం ఇదే: విడుదలకు ముందురోజు కాళ్ల కింద నేల కదలదు.

పుల్ చేశాక (సర్వర్ నుంచి కొత్త మార్పులు తెచ్చుకున్నాక) సబ్‌మాడ్యూల్ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి. సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ ఆదేశాన్ని ఇనిట్ ఆప్షన్‌తో (git submodule update --init) నడపండి.

అప్‌డేట్ తరువాత ఆ ఫోల్డర్ మామూలుగా ఏ బ్రాంచ్ (పేరున్న మార్పుల వరస) మీదా ఉండదు. మార్పులు చేసే ముందు తప్పనిసరిగా బ్రాంచ్‌కు మారండి, లేకపోతే మీ కమిట్లను తరువాత వెతుక్కోవాలి. పుష్ చేసేటప్పుడు (సర్వర్‌కు పంపేటప్పుడు) ముందు ఉమ్మడి కోడ్, ఆ తరువాతే ప్రాజెక్టు. వరస తప్పితే సర్వర్‌లో లేని కమిట్ కోసం అందరి బిల్డ్‌లూ ఆగిపోతాయి.

సబ్‌ట్రీ (ఉమ్మడి కోడ్‌ను ప్రాజెక్టులోనే కలిపేసే మరో గిట్ పద్ధతి) మేలని ఇద్దరు అన్నారు. క్లోన్ చేసేవారికి (ప్రాజెక్టును కొత్తగా తెచ్చుకునేవారికి) అది సులువే, కానీ మార్పులను వెనక్కి పంపడం శ్రమ. మనం వారంవారం మార్చే కోడ్ ఇది, అందుకే సబ్‌మాడ్యూల్ ఎంచుకున్నాను.

శుక్రవారంలోగా పాత నకళ్లను తొలగించండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే రాయండి, కలిసి చూద్దాం.