తాబేలును వదిలే చట్రం డెక్ మీద ఉంటే చాలదు, వలలో ఉండాలి: కేంద్ర మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. ఉత్తరాంధ్ర తీరంలో వలను వెనక లాగుకుంటూ వేటాడే ట్రాల్ బోట్లు నడిపేవాళ్లం, వలలు కుట్టేవాళ్లం, జనవరి వస్తే ఒడ్డున చచ్చి పడిన తాబేళ్లను లెక్కపెట్టేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఇంతకుముందు ఇచ్చిన వినతి పత్రాలకు రసీదులు వచ్చాయి, జవాబు రాలేదు. అందుకని ఈసారి అందరి ముందూ అడుగుతున్నాం.

అమెరికా 609 సెక్షన్ గురించి మీకు చెప్పనక్కర్లేదు. టెడ్ (వలలో పడ్డ తాబేలు తప్పించుకునే పరికరం) లేని వలతో పట్టిన సముద్రపు రొయ్యను ఆ దేశంలోకి రానివ్వని చట్టం అది. దాని మీద 1996లో మన దేశం కూడా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. 1998 నాటి అప్పీలు తీర్పు, అమెరికా ఆ చట్టాన్ని అమలు చేసిన తీరును తప్పుపట్టింది గానీ, తాబేలు కోసం అలాంటి షరతు పెట్టడాన్ని తప్పనలేదు. 2019 నుంచి మన సముద్రపు రొయ్య అమెరికా గడప తొక్కడం లేదు. చెరువులో పెంచిన వనామీ రొయ్యకు ఈ అడ్డు లేదు, సరుకుతో పంపే డీఎస్-2031 ఫారంలో ‘పెంచినది’ అని గుర్తు పెడితే కంటైనర్ వెళ్లిపోతుంది. రాష్ట్రం నుంచి పోయే రొయ్యలో ఎక్కువ భాగం వనామీయే కాబట్టి, కడలి రొయ్య బాధ ఎవరి బల్ల మీదకూ రావడం లేదని మాకు అనిపిస్తోంది.

షరతు పెట్టినందుకు మాకు అమెరికా మీద కోపం లేదు. వలలో చచ్చిన తాబేలును చేతులతో తీసి పారేసేవాళ్లకు ఆ షరతు ఎందుకో తెలుసు. మా బాధ వేరు. అమెరికా కొనకపోతే ఆ రొయ్య సముద్రంలో మిగిలిపోలేదు. టెడ్ గురించి అడగని దేశాలకు, తక్కువ ధరకు పోతోంది. వల అదే, లాగే గంటలు అవే. ధర తగ్గితే సరంగు (బోటు నడిపేవాడు) ఇంకో లాగుడు ఎక్కువ లాగుతాడు, డీజిల్ ఖర్చు రావాలి కదా. తాబేలును కాపాడాలని పెట్టిన ఆంక్ష మన తీరంలో తాబేలు దాకా రాలేదు.

ఆలివ్ రిడ్లీ తాబేలు ఊపిరితిత్తులతో బతికే జీవి, గాలికి పైకి రావాలి. కదలకుండా ఉంటే నీటి కింద చాలాసేపు ఓర్చుకుంటుంది. వలలో పడి పెనుగులాడితే ఆ గాలి ఇట్టే అయిపోతుంది. టెడ్ లేని కొన్ని రకాల వలలకు అమెరికాలోనే వేసవిలో ఒక్కో లాగుడు 55 నిమిషాలు, చలికాలంలో 75 నిమిషాలు దాటకూడదని హద్దు ఉంది. మన దగ్గర ఒక లాగుడు రెండు మూడు గంటలు.

ఇక టెడ్. మీ శాఖ పథకం కింద దాని ఖర్చులో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయని చెప్పారు. సంతోషం. కానీ పరికరం పంచినంత మాత్రాన తాబేలు బయటపడదు. టెడ్ అంటే వల గొంతుకూ చివరి సంచికీ మధ్య ఏటవాలుగా కుట్టే ఉక్కు చువ్వల చట్రం. రొయ్య చువ్వల సందుల్లోంచి సంచిలోకి జారుతుంది. తాబేలు చువ్వలకు తగిలి, వాటి వెంబడే పైకి జారి, అక్కడి వల మూతను తోసుకుని బయటకు పోతుంది. ఇదంతా ఆ వాలు మీద ఆధారపడి ఉంది, అది 30 నుంచి 55 డిగ్రీల మధ్య ఉండాలి. ఎక్కువ నిలువుగా కుడితే నీటి ఒత్తిడికి తాబేలు చువ్వలకే అతుక్కుపోతుంది. మరీ పడుకోబెడితే నీటి ఒరవడి మూతను ఎత్తేసి రొయ్యను బయటకు తోస్తుంది. కొత్తగా కుట్టిన వల కొన్ని ట్రిప్పులకు సాగుతుంది, వాలు మారుతుంది. అప్పుడు వలను వేలాడదీసి కోణం మళ్లీ కొలిచి, తాళ్లు సరిచేయాలి. ఈ పని నేర్పినవాళ్లు ఎవరు? కోణం కొలిచే పరికరం ఏ హార్బరులో ఉంది?

చువ్వల సందు సంగతి ఇంకా ముఖ్యం. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన తొలి టెడ్‌లో చువ్వకూ చువ్వకూ మధ్య 142 మిల్లీమీటర్లు. రొయ్య నష్టం ఒక శాతంలోపే అని వాళ్ల పరీక్షల్లో తేలింది, అది మంచి పని. కానీ అమెరికా ఒప్పుకునేది 4 అంగుళాలు, అంటే సుమారు 10 సెంటీమీటర్లు. ఆ తేడా నాలుగు సెంటీమీటర్లే అయినా, పాత కొలతతో చేసిన చట్రం ఎన్ని వేల వలలకు కుట్టినా అమెరికా పరీక్షలో నెగ్గదు. సందు తగ్గించిన చట్రం మీద పని జరిగిందని తెలుసు. అది వల కుట్టేవాడి చేతికి ఎప్పుడు వస్తుందో తెలియదు.

సందు తగ్గిస్తే ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఎవరూ పైకి అనడం లేదు. అమెరికా ట్రాలరు రొయ్య కోసమే వెళ్తుంది. మన బోటు రొయ్యతో పాటు వంజరం, టేకు లాంటి పెద్ద చేపను కూడా అమ్ముకుంటేనే డీజిల్ డబ్బులు, కళాసీల వాటాలు తేలతాయి. పెద్ద టేకు 10 సెంటీమీటర్ల సందులో దూరదు, తాబేలుతో పాటే బయటకు పోతుంది. వానాకాలంలో గోదావరి సముద్రంలో కలిసే చోట దుంగలు, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు చువ్వలకు అడ్డం పడతాయి. అప్పుడు రొయ్య కూడా మూతలోంచే పోతుంది. అందుకే కొందరు చట్రాన్ని డెక్ మీద ఉంచుతారు, కొందరు మూతను నైలాన్ తాడుతో కట్టేస్తారు. ఇది తప్పే. ఆ తప్పును హార్బరులో నిలబడి పట్టుకోలేరు. లాగుతున్న వలను నడిసముద్రంలో పైకి ఎత్తించి చూస్తేనే మూత కట్టి ఉందో లేదో కనిపిస్తుంది.

ఆడ తాబేళ్లు గుడ్లు పెట్టేది జనవరి నుంచి మార్చి వరకు. మన వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 వరకు. చేపలకు ఆ 61 రోజులు అవసరమే, కాదనం. కానీ అప్పటికి తాబేళ్లు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. విశాఖ ఆర్కే బీచ్‌లోనూ, హంసలదీవిలోనూ అటవీ శాఖవాళ్లు రాత్రుళ్లు తిరిగి ఒక్కో గూటి నుంచి వందకు పైగా గుడ్లు ఏరి పొదిగిస్తుంటే, గూడు పెట్టడానికి వస్తున్న తల్లి ఒడ్డుకు కొద్ది దూరంలోనే వలలో చనిపోతోంది. మర బోట్లు ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదన్న 1994 నాటి రాష్ట్ర చట్టాన్ని ఆ మూడు నెలలైనా గట్టిగా అమలు చేస్తే సగం పని అవుతుంది. ఆ గస్తీ ఎందుకు జరగదు అయ్యా?

ఖర్చు లేని పని ఒకటి ఉంది, అదీ ఎవరూ నేర్పలేదు. వలలో వచ్చిన తాబేలు కదలకపోతే చచ్చిందని వెంటనే నీళ్లలోకి తోసేస్తారు. వాటిలో కొన్నిటికి స్పృహ మాత్రమే పోయి ఉంటుంది, నీళ్లలో వేస్తే నిజంగానే మునిగి చస్తాయి. అలాంటి తాబేలును బోర్లా, పొట్ట డెక్‌కు ఆనేలా పెట్టి, వెనక భాగాన్ని కనీసం 15 సెంటీమీటర్లు ఎత్తులో ఉంచాలి. అప్పుడు ఊపిరితిత్తుల్లోని నీరు దిగుతుంది. నీడలో తడి గుడ్డ కప్పి, మధ్య మధ్య కంటి దగ్గర, తోక దగ్గర తాకి చూడాలి. నాలుగు గంటల నుంచి ఒక రోజు దాకా ఆగితే లేచేవి ఉంటాయి. ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చువేసి ప్రతి బోటు వీల్‌హౌస్‌లో (బోటు నడిపే గదిలో) అంటించలేమా?

మేము మళ్లీ మళ్లీ అడుగుతున్నది మాత్రం ఇది. ఇప్పుడు టెడ్ సరిగ్గా కుట్టుకుని పెద్ద చేప వదులుకున్న బోటు రొయ్యకూ, మూత కట్టేసిన బోటు రొయ్యకూ వేలంలో ఒకటే ధర, ఎందుకంటే మన దేశం మొత్తానికీ అమెరికా ఇచ్చే సర్టిఫికెట్ లేదు. దేశమంతా ఒకేసారి నెగ్గాలని లేదు కదా. సర్టిఫికెట్ లేని దేశాల నుంచి కూడా కొన్ని ప్రత్యేక వేటలను అమెరికా విడిగా గుర్తించి, సరుకు వారీగా రానిస్తోంది. ఆస్ట్రేలియా ఉత్తర తీరపు రొయ్య వేట అలాగే వెళ్తోంది. మన తూర్పు తీరంలో ఒక్క హార్బరును ఎంచుకోండి. అక్కడి ప్రతి వలకూ 10 సెంటీమీటర్ల చట్రం, కోణం కొలిచే మనిషి, సముద్రంలో తనిఖీ బోటు, టెడ్ రొయ్యకు విడి వేలం, విడి ఐసు పెట్టె. ఆ లెక్కలతో ఆ ఒక్క వేట కోసం అమెరికాను అడగండి. ధర వస్తుందని కళ్లారా చూస్తే పక్క హార్బరువాళ్లు తామే వచ్చి చట్రం అడుగుతారు.

వేట నిషేధం రోజుల్లో వలలన్నీ ఒడ్డునే ఉంటాయి. చట్రం కుట్టడానికి, కోణం సరిచూడటానికి వల పనివాళ్లకు దొరికే సమయం అదొక్కటే. ఏప్రిల్ 15 లోపు చట్రాలు, నేర్పే మనుషులు హార్బరుకు చేరేలా చూడమని చేతులు జోడించి వేడుకుంటున్నాం.

ఇట్లు,
ఉత్తరాంధ్ర తీరపు ట్రాల్ బోట్ల, వల పనివాళ్లు