మెనూలో కనిపించిన రంగూన్

బరంపురం

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మేము ఇల్లు చేరి వారమైంది. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. పెరట్లో అరటి గెల వేసింది. లాస్ వేగాస్‌లో ఆ రాత్రి భోజనం నచ్చలేదా, ఎందుకంత మౌనంగా ఉండిపోయావు నాన్నా అని నువ్వు ఫోనులో రెండుసార్లు అడిగావు. ప్రయాణ బడలిక అన్నాను. అది నిజం కాదమ్మా. ఫోనులో చెప్పడానికి గొంతు రాలేదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నచ్చకపోవడం ఏమిటి! మా పెళ్లిరోజు కోసం ఎంత ముందుగా ఆ బల్ల మాట్లాడి పెట్టావో నాకు తెలుసు. ఎడారిలో కట్టిన ఊరు, అద్దాల అవతల పాటకు తగ్గట్టు లేచి పడే ఫౌంటెన్లు. జపాన్ సుషీ, కొరియా మాంసం, థాయ్ కూర అన్నీ ఒకే మెనూలో. మీసో అనే జపాన్ సోయా ముద్ద పట్టించి కాల్చిన చేపను మీ అమ్మ ఎంతో ఇష్టంగా తిన్నది. ఏ వంటకంలో ఏముందో అడిగి తెలుసుకుని ఆమెకు విడమరిచి చెప్పిన అల్లుడు గారి ఓపికను నేను మరచిపోను.

లోపల వెలుతురు తక్కువ కదా, ఫోను లైటు వేసుకుని మెనూ చదువుతున్నాను. ఒక పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. క్రాబ్ రంగూన్. నేను అడిగి తెప్పించుకున్నది అదొక్కటే.

వచ్చింది. పిండి రేకును నాలుగు మూలలూ దగ్గరకు తెచ్చి నొక్కి, ఎర్రగా వేయించారు. కొరికితే లోపల వేడి వేడి క్రీమ్ చీజ్, కాస్త పీత మాంసం, ఉల్లికాడ. పక్కన తీపీ పులుపూ కలిసిన ఎర్రటి సాస్. ఇది అమెరికాలో పుట్టిన వంటకమని, 1950ల నాటికే ట్రేడర్ విక్స్ అనే రెస్టారెంట్లలో వడ్డించేవారని అల్లుడు గారు చూసి చెప్పారు. రంగూన్ ఉన్న బర్మా వంటింటికి క్రీమ్ చీజ్‌తో సంబంధమే లేదు. తినడానికి బాగానే ఉంది. కానీ ఆ పేరు చూశాక నా నాలుక మా అమ్మ చేతి రుచి కోసం వెతికింది. దొరకలేదు. ఆ తర్వాత నాకు మాట రాలేదు.

నానమ్మ రంగూన్‌లో పుట్టిందని నీకు తెలుసు. అంతకు మించి తెలియదు. చెప్పకపోవడం నా తప్పే.

మా తాతగారు గోపాలపూర్‌లో ఓడ ఎక్కారు. చిన్నప్పుడు నువ్వు ఇసుక గూళ్లు కట్టిన ఆ గోపాలపూర్ నుంచే అప్పట్లో రంగూన్‌కు స్టీమర్లు నడిచేవి. గంజాం నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి మనవాళ్లు వేలమంది అక్కడి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి వెళ్లేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్లు తెలుగువాళ్లను కోరంగీలు అనేవారు. తాతగారు మిల్లులో బస్తాలు మోశారు. 1936 ఏప్రిల్ 1న మన గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. ఆ కబురు కూడా ఆయన రంగూన్‌లోనే విన్నారు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మా అమ్మకు, అంటే మీ నానమ్మకు, అప్పుడు ఎనిమిదేళ్లు. అందరూ ప్రోమ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి అరకాన్ కొండలు దాటి తాంగుప్‌కు నడిచారు. దారిలో నీళ్లు లేవు, కలరా ఉంది. అమ్మ తమ్ముడు, మూడేళ్లవాడు, ఆ కొండల్లోనే పోయాడు. తాంగుప్ నుంచి పడవ మీద అక్యాబ్, తర్వాత చిట్టగాంగ్, కలకత్తా, ఆఖరికి రైల్లో బరంపురం. ఆ నడక గురించి అమ్మ ఎప్పుడూ ఎక్కువ చెప్పేది కాదు. తమ్ముడి గురించి మాత్రం ఒకే మాట అనేది, “వాడికి మొహింగా అంటే ప్రాణం” అని.

మొహింగా అంటే చేపల పులుసులో బియ్యపు నూడుల్స్. చేపలు ఉడికించి ముళ్లన్నీ ఏరేయాలి. అల్లం, వెల్లుల్లి, నిమ్మగడ్డి, పసుపు వేసి మరిగించి, వేయించిన బియ్యప్పిండి కలిపి చిక్కబరచాలి. అరటి దూటను చక్రాలుగా తరిగి అందులో వేయాలి. తినే ముందు ఉడికించిన గుడ్డు, కొత్తిమీర, నిమ్మరసం. బరంపురంలో ఆ నూడుల్స్ ఎక్కడివి? బియ్యప్పిండి ఉక్కించి, జంతికల గొట్టంలో వేసి ఒత్తి, ఆవిరి మీద ఉడికించేది. అక్కడివాళ్లు వాడే పులియబెట్టిన చేప ముద్దకు బదులు ఎండు రొయ్యలు దంచి వేసేది. రోలు చుట్టూ ఆ వాసన రెండు రోజులు పోయేది కాదు. ఏడాదికి ఒక్కసారే, మాఘమాసంలో చేసేది. మొదటి గిన్నె మాకు పెట్టేది కాదు. వీధిలో ఆడుకుంటున్న మూడు నాలుగేళ్ల పిల్లవాడిని ఎవరినో ఒకరిని పిలిచి, అరుగు మీద కూర్చోబెట్టుకుని, ఊదుకుంటూ తినిపించేది. ఎందుకో చాలా ఏళ్ల వరకు నాకు అర్థం కాలేదు.

నాలుగు దేశాల వంటలు కలపడం తప్పని నేను అనడం లేదు. మీ అమ్మ దాల్మాలో, అదే ఒడియా వాళ్ల కూరగాయల పప్పులో, చింతపండు పులుసు పోస్తుంది. పక్కింటి ఒడియా వాళ్లు ఏటా మన ఆవకాయ అడిగి పట్టుకెళ్తారు. పక్కపక్కన బతికితే రుచులు వాటంతట అవే కలుస్తాయి. ఆ రెస్టారెంట్లో వండినవాళ్లకు రంగూన్ ఒక పేరు మాత్రమే, వాళ్లకు మన సంగతి తెలియాల్సిన పని లేదు. నా కూతురికి మాత్రం తెలియాలి.

ఇప్పుడు మొహింగా చేయడం మీ అత్తయ్య ఒక్కదానికే వచ్చు. ఆమెకూ చేతులు వణుకుతున్నాయి. మాఘమాసానికి మీ ఇద్దరూ వస్తే ఆమె పక్కన నిలబడి నేర్చుకో, కొలతలు రాసుకో. మీ ఊరి ఏషియన్ దుకాణంలో సన్నని బియ్యపు నూడుల్స్ చూశాను. నాలుగు ప్యాకెట్లు తీసుకురా. దూటకు అరటి మన పెరట్లోనే ఉంది, గెల కోసినా చెట్టును నరకనివ్వను.

మీ నాన్న