ప్లానెటరీ గేర్‌బాక్సు అదురు: పంటి ముఖం చూడండి

ఆటోనగర్ మిత్రులందరికీ నమస్కారం. మిక్సర్లు, ఎక్స్‌కవేటర్ల ప్లానెటరీ గేర్‌బాక్సులు (నడిమి గేరు చుట్టూ చిన్న ప్లానెట్ గేర్లు ఉండేవి) విప్పినప్పుడు పళ్లు విరగలేదు కదా అని తిరిగి బిగించకండి. పంటి ముఖం గరుకుగా ఉంటే నష్టం మొదలైనట్లే.

నూనె పొర మందాన్ని రెండు పళ్ల ఉమ్మడి గరుకుదనంతో భాగించండి. ఫలితం 3 దాటితే లోహం లోహాన్ని దాదాపు తాకదు. 1 కన్నా తగ్గితే మొనలు రాసుకుని సన్నని గుంటలు పడతాయి. పిచ్ రేఖ (పంటి ఎత్తులో దాదాపు మధ్యన ఉండే గీత) వద్ద జారుడు ఉండదు కాబట్టి అక్కడ అరుగుదల తక్కువ, పంటి మొదట్లో, కొసన ఎక్కువ. అలా పంటి వంపే చెడిపోతుంది, తిరుగుడు సాఫీగా అందదు, అదురు పెరుగుతుంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇదే.

పళ్లు సెకనుకు ఎన్నిసార్లు కలుస్తాయో ముందు లెక్కించండి. రింగ్ గేర్ (బయటి పళ్ల వలయం) స్థిరంగా ఉంటే దాని పళ్ల సంఖ్యను క్యారియర్ (ప్లానెట్ గేర్లను మోసే చట్రం) వేగంతో గుణించండి. 72 పళ్లు, నిమిషానికి 100 చుట్లు అయితే 7200, దాన్ని 60తో భాగిస్తే 120 హెర్ట్జ్, అంటే సెకనుకు 120 సార్లు. ఆ సంఖ్య దగ్గర, దానికి రెండు, మూడు రెట్ల దగ్గర అదురు రీడింగు పెరుగుతోందేమో గమనించండి. రీడింగు గ్రాఫులో ఆ సంఖ్యల పక్కన చిన్న శిఖరాలు కనిపించగానే కంగారు పడవద్దు. ప్లానెట్ గేర్లు సెన్సర్‌ను దాటిపోతుంటే మంచి గేర్‌బాక్సులోనూ అవి వస్తాయి.

రీడింగులు ఎప్పుడూ ఒకే వేగం, ఒకే బరువు మీద తీసి, నూనె రకంతో సహా ఇక్కడ పెట్టండి. పాత రీడింగులతో పోల్చి చూద్దాం.